అల్లినవారి పేరు
(కళాశాల విద్యార్థుల కళాపత్రిక ఆవిష్కరణ సభలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఈ పత్రికను చేత్తో కుట్టి మరీ తెచ్చిన విద్యార్థులకు నమస్కారం.

చేత్తో కుట్టడం అన్నది ఇక్కడ మాటవరసకు అన్నది కాదు. ప్రతి సంచిక వెన్నునా మూడు రంధ్రాలు, వాటిలో మైనం రాసిన నూలు దారం ఉన్నాయి. నాకిచ్చిన ప్రతిలో నడిమి రంధ్రం కాస్త పక్కకు జరగడం వల్ల పేజీలు ఒకవైపుకు వాలాయి. దానిని పక్కన పెట్టి మరొకటి ఇవ్వనందుకు నాకు సంతోషంగానే ఉంది.

నన్ను ఎక్కువసేపు ఆపింది పదకొండో పేజీ. నరసాపురం వైపు నుంచి వచ్చే విద్యార్థిని ఒకరు తన అమ్మమ్మ అల్లిన లేసు ముక్కను వెనుకవైపు నుంచి ఫొటో తీసి వేశారు. దారం ఎక్కడ అయిపోయిందో, కొత్త దారం ఎక్కడ అందుకుందో, ముడి కొసను అల్లికలోకి ఎలా దూర్చి దాచారో అక్కడ కనిపిస్తుంది. కింద అమ్మమ్మ పేరు ఉంది.

19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల ద్వారా ఈ గోదావరి డెల్టాకు వచ్చిన క్రోషే అల్లిక, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల చేతిపనిగా స్థిరపడి, సముద్రాలు దాటి అమ్ముడుపోయి, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా పొందింది. ఆ గుర్తింపులో ఉన్నది ఊరి పేరు. మా అమ్మ వంట ముగించుకుని, వెలుగు కోసం గుమ్మంలో కూర్చుని అల్లేది. ఏజెంటు దారం తూచి ఇచ్చి, అల్లిక తూచి తీసుకెళ్లేవాడు. ఆయన పుస్తకంలో లెక్క నాన్న పేరు మీద ఉండేది. చూపుడువేలి మీద దారం కోసిన గీత మాత్రం అమ్మదే.

పనిచేసిన చేతికి పేరు ఉండాలన్న ఈ సంగతి క్రైస్తవ కళాశాలలో చెప్పడానికి బైబిలులోని నిర్గమకాండం 31వ అధ్యాయం చాలు. ఆరాధన కోసం కట్టే గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచాడని, తండ్రి పేరు, తాత పేరు, గోత్రంతో సహా అక్కడ రాసి ఉంది. తోడు పనివాడైన అహోలీయాబు పేరూ ఉంది. లోహపు పని, రత్నాలు సానబెట్టడం, కొయ్య చెక్కడం అక్కడ జ్ఞానం కిందే లెక్క. పరీక్షలు దగ్గరపడగానే డ్రాయింగు పీరియడును లెక్కల మాస్టారికి అప్పగించేసే మనం ఆ అధ్యాయాన్ని ఇంకోసారి చదువుకోవాలి.

రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆయన చేతిలోని పనిని చిన్నవయసులోనే గుర్తించి ప్రోత్సహించినవారు అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. అది మిషన్ కళాశాల కాదు కనుక ఆ గొప్పలో మనకు వాటా లేదు. అయితే ఆ చూపు ఎవరైనా అలవరచుకోవచ్చు.

చివరగా ఒక ఫిర్యాదు. ఇరవయ్యో పేజీలో కుండల ఫొటోలు ఉన్నాయి. ఫొటోలు తీసిన విద్యార్థి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, కుండలు చేసిన కుమ్మరి పేరు లేదు. సంపాదకురాలిని అడిగితే, "అడగడం మరిచిపోయాం, సార్" అన్నారు. ఆ ఊరు ఇక్కడికి బస్సులో అరగంట. వచ్చే సంచిక దాకా ఆగనక్కర్లేదు, చిన్న చీటీ అచ్చు వేయించి ఈ ప్రతులన్నింటిలోనూ అతికించవచ్చు. సాయంత్రం బస్సుకు మీతో నేనూ వస్తాను.