రక్తం ఎక్కేది ఆవిడకి, సంతకం అబ్బాయిదా?

[తెర మీద: కన్సెంట్ ఫారం (ఒప్పుకోలు పత్రం), అడుగున ఖాళీ గీత, పక్కన స్టాంప్ ప్యాడ్]

గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లో రోజూ వినపడే కేక: "పేషెంట్ తాలూకు ఎవరండీ? ఇక్కడో సంతకం పెట్టండి!" కొడుకో అల్లుడో పెన్ను అందుకుంటాడు. దేనికని అడిగితే, "బ్లడ్ ఎక్కిస్తారంటండీ." మంచం మీదున్నావిడకి మాత్రం స్టాండుకి సంచి తగిలించాకే సంగతి తెలుస్తుంది.

ఆవిడకి స్పృహ ఉంది, అన్నీ అర్థమవుతున్నాయి. మరి అబ్బాయి సంతకం ఎందుకు? 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇదే తేల్చింది. మత్తులో ఉన్న కూతురి ఆపరేషన్‌కి థియేటర్ బయట తల్లి ఒప్పుకుంది. ప్రాణాపాయం లేదు, కూతురు మేజర్, కాబట్టి తల్లి ఒప్పుకోలు చెల్లదంది కోర్టు. చదువు రానివాళ్లయితే చదివి వినిపించి, సాక్షి ఎదుట వేలిముద్ర వేయించుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకైతే అమ్మానాన్నలు పెడతారు.

[తెర మీద: మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న డాక్టర్]

"అమ్మా, మీకు హిమోగ్లోబిన్ 6 ఉంది. నాలుగడుగులేస్తే ఆయాసం వస్తోంది కదా, అందుకని ఒక సంచి రక్తం ఎక్కిద్దామనుకుంటున్నాం."

"ఎక్కించకపోతే ఏమవుద్ది బాబూ?"

ఈ ప్రశ్న పడిందంటే సగం పని అయినట్టే. మన దగ్గరేమో "డోనర్ని పట్టుకురండి" అనగానే ఇంటిల్లిపాదీ పరుగులు. ఆ హడావుడిలో అసలు రక్తం ఎందుకని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఆయాసం లేకుండా, ఐరన్ లోపం వల్లే రక్తం తగ్గి, ఆపరేషన్ నెల తర్వాతైతే, చాలామందికి ఐరన్ ఇంజెక్షన్‌తో సరిపోవచ్చు. ఆ దారి ఉందని డాక్టరే చెప్పాలి. చెప్పకుండా తీసుకున్న సంతకం నా లెక్కలో సంతకమే కాదు.

జబ్బులంటుకుంటాయా అంటారు. ప్రతి రక్తం సంచికీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. ముప్పు చాలా తక్కువ, సున్నా అని మాత్రం అనలేం. జ్వరం, దద్దుర్లు అప్పుడప్పుడూ వస్తాయి. గుండె బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకి వేగంగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు.

వద్దంటే? ఎక్కించకపోతే వచ్చే ప్రమాదం విడమరిచి చెప్పి, ఆ మాట కేస్ షీట్‌లో రాయాలి.

హైవే మీద యాక్సిడెంటై, స్పృహ లేకుండా, వెంట ఎవరూ లేకుండా వచ్చినవాళ్ల సంగతి వేరు. ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్ సంతకం కోసం ఆగక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇస్తోంది.

[తెర మీద: సంచి మీద గ్రూపు, చేతికి పేరున్న పట్టీ]

ఇవన్నీ పేషెంట్‌కే ఎందుకు చెప్పాలంటే, మొదటి 15 నిమిషాలే అసలు గండం. గ్రూపు పొరపాటైతే చలి, నడుంనొప్పి, ఛాతీ పట్టేసినట్టుండటం ఆవిడకే ముందు తెలుస్తాయి. చెప్పి ఉంచితే వెంటనే "సిస్టరమ్మా!" అని పిలుస్తుంది. సిస్టర్ వచ్చి మొదట రక్తం ఆపేస్తుంది. ఆ తర్వాతే డాక్టర్‌కి ఫోను, సంచి తిరిగి బ్లడ్ బ్యాంక్‌కి.