ఆ కుర్రాడికి దేనికి భయం?

శ్రోతలకు నమస్కారం.

ఒక 13 ఏళ్ళ కుర్రాడిని ఊహించుకోండి. రోజూ బడికి నడిచి వెళ్తాడు. దారిలో ఒక మలుపు ఉంది. అక్కడ నలుగురైదుగురు పెద్ద పిల్లలు నిలబడి ఉంటారు. ఒకరోజు జేబులో ఉన్న డబ్బు లాక్కుంటారు, ఇంకోరోజు ఊరికే చెంప మీద కొడతారు. ఇంట్లో చెబితే, "వాళ్ళ జోలికి వెళ్ళకు" అంటారు. టీచరుకు చెబితే, "బడి బయట జరిగేదానికి మేమేం చేయగలం" అంటారు. పోలీసులకు చెబితే మర్నాడు ఆ మలుపు దాటడం ఇంకా కష్టమవుతుంది. కొన్నాళ్ళకు పక్క వీధిలో ఉండే ఒక అన్న దగ్గరికి పిలిచి, "మాతో తిరుగు, నీ మీద చెయ్యి వేసేవాడెవడో చూద్దాం" అంటాడు. అప్పటిదాకా ఆ పిల్లాడితో అలాంటి మాట ఇంకెవరూ అనలేదు.

ఈ కుర్రాడు నా ఊహలోవాడే. కానీ వీధి ముఠాల మీద దాదాపు వందేళ్ళుగా నేరశాస్త్రవేత్తలు రాసింది చదువుతుంటే, ఇలాంటివాడే మళ్ళీ మళ్ళీ ఎదురవుతాడు. యువకులు ముఠాల్లో ఎందుకు చేరతారు అని అడిగితే మనకు టకటకా కొన్ని జవాబులు వస్తాయి. పొగరు, చెడు సావాసం, పెంపకం బాగాలేకపోవడం, డబ్బు మీద ఆశ. ఇందులో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. అయినా వీటన్నిటి కింద మనం పెద్దగా పట్టించుకోనిది ఒకటి ఉందని నా నమ్మకం. అది భయం. ఈ రోజు ఆ భయం గురించే మాట్లాడతాను.

అమెరికాలోని షికాగో నగరంలో ఫ్రెడరిక్ థ్రాషర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1927లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. అందులో 1,313 ముఠాల సంగతులున్నాయి. ఆయన గమనించినదాని ప్రకారం చాలా ముఠాలు నేరం చేద్దామని మొదలైనవి కావు. కలిసి ఆడుకునే పిల్లల గుంపులు అవి. మరో వీధి గుంపుతో తగవు వచ్చాక, చుట్టుపక్కల పెద్దలు తరిమి తిట్టాక, ఆ గుంపు గట్టిపడింది. దానికి ఒక పేరు వచ్చింది, ఒక హద్దు వచ్చింది, నాయకుడు వచ్చాడు. అంటే ఎదుట శత్రువు నిలబడ్డాకే ఆటగాళ్ళు ముఠా అయ్యారు.

అదే నగరంలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు పరిశోధకులు బాల నేరస్తుల కోర్టు రికార్డులు తీసి, ఆ పిల్లల ఇళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాప్ మీద గుర్తులు పెట్టుకుంటూ పోయారు. కొన్ని దశాబ్దాల రికార్డులు అవి. వాళ్ళ పుస్తకం 1942లో వచ్చింది. నగరం నడిబొడ్డుకు దగ్గరగా, ఫ్యాక్టరీల పక్కన, అద్దె తక్కువగా ఉండే పేటల్లోనే గుర్తులు గుంపుగా పడ్డాయి. ఆశ్చర్యం కలిగించేది తర్వాతి సంగతి. ఆ పేటల్లో ఉండే జనం కాలంతో మారిపోయారు. ఒక తరంలో జర్మన్లు, ఐరిష్ వాళ్ళు, తర్వాత పోలండ్ నుంచి, ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు. జనం మారినా గుర్తులు మాత్రం ఆ పేటల్లోనే పడ్డాయి. అక్కడి నుంచి మంచి పేటలకు వెళ్ళిపోయిన కుటుంబాల్లో పిల్లల నేరాలు తగ్గాయి. ఫలానా జాతివాళ్ళ రక్తమే అంత అని ఈ రోజుకీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. వాళ్ళకు ఎనభై ఏళ్ళ కిందటే దొరికిన సమాధానం ఇది.

అయితే ఆ పేటల్లో లేనిదేమిటి? 1997లో రాబర్ట్ శాంప్సన్, ఆయన తోటి పరిశోధకులు షికాగోలోని 343 పేటల్లో జనాన్ని అడిగిన ప్రశ్నలు నాకు చాలా ఇష్టం. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి చివర నిలబడితే మీ ఇరుగుపొరుగువాళ్ళు కలగజేసుకుంటారా? మీ ఇంటి ముందు కొట్లాట జరుగుతుంటే ఎవరైనా ఆపుతారా? ఒకరినొకరు నమ్ముతారా? కలగజేసుకుంటాం, నమ్ముతాం అన్న పేటల్లో హింస తక్కువగా ఉంది. పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలబడింది. మన కుర్రాడి మలుపు దగ్గర లేనిది సరిగ్గా అదే. ఆ దారిన పెద్దవాళ్ళు పోతూనే ఉంటారు, కానీ ఎవరూ ఆగరు. వాళ్ళను తప్పు పట్టడం సులువు. నిజానికి వాళ్ళకూ భయమే.

ఇప్పటిదాకా చెప్పింది దెబ్బల భయం. దీనితో పాటు మరో భయం ఉంది, అవమానం. ఆల్బర్ట్ కోహెన్ 1955లో ఈ విషయం రాశారు. బడిలో పిల్లలందరినీ ఒకే కొలబద్దతో కొలుస్తారు. మాట తీరు, శుభ్రమైన బట్టలు, ఓపికగా కూర్చోవడం, ముందుచూపు. ఇవన్నీ ఇంట్లోనే నేర్చుకుని వచ్చిన పిల్లలు గెలుస్తారు. నేర్చుకునే అవకాశం లేనివాడు రోజూ ఓడిపోతాడు, అదీ అందరి ముందు. ఓడిపోయినవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఆ కొలబద్దనే తిరగేస్తారు. బడిలో ఏది తప్పో తమ గుంపులో అదే గొప్ప. ఎవరికీ లాభం లేని విధ్వంసం, ఊరికే కిటికీలు పగలగొట్టడం లాంటివి డబ్బు ఆశతో అర్థం కావు. ఇలా చూస్తే అర్థమవుతాయి.

దీనికి రిచర్డ్ క్లోవార్డ్, లాయిడ్ ఓలిన్ 1960లో ఒక ముఖ్యమైన మాట చేర్చారు. సక్రమంగా పైకి రావడానికి అందరికీ దారి లేదని అప్పటికే రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త చెప్పి ఉన్నారు. వీళ్ళేమన్నారంటే, అక్రమంగా పైకి రావడానికి కూడా అందరికీ దారి ఉండదు. కొన్ని పేటల్లో దొంగ వ్యాపారాలు పకడ్బందీగా నడుస్తాయి. అక్కడి పెద్దలు కుర్రాళ్ళను అదుపులో పెడతారు, ఎందుకంటే వీధిలో గొడవైతే వ్యాపారం పాడవుతుంది. పైకెక్కడానికి అలాంటి దొంగదారి కూడా లేని పేటలో కుర్రాడికి మిగిలేది ఒక్కటే, తన పేరు. ఆ పేరు కొట్లాటతోనే వస్తుంది. అత్యంత హింసాత్మకమైన ముఠాలు ఇలాంటిచోటే పుడతాయని వాళ్ళ వాదన.

ఎలైజా ఆండర్సన్ అనే పరిశోధకుడు ఫిలడెల్ఫియా నగరంలోని వీధుల్లో ఏళ్ళ తరబడి తిరిగి, 1999లో రాసిన విషయం దీన్ని ఇంకా స్పష్టం చేసింది. పోలీసులు తమను కాపాడతారన్న నమ్మకం లేనిచోట, పరువే కవచం. ఎవరైనా తోస్తే తిరిగి తోయాలి. తోయకపోతే రేపు ఇంకొకడు తోస్తాడు. పద్ధతైన ఇంట్లో పెరిగిన పిల్లలు కూడా ఈ నియమాలు నేర్చుకుంటారు, నేర్చుకోకపోతే బడికి వెళ్ళి రావడమే కష్టం గనుక. అమ్మానాన్నల ముందు ఒక ముఖం, వీధిలో ఒక ముఖం. ఆ రెండింటి మధ్య రోజూ మారుతూ ఉండే పిల్లాడి టెన్షన్ ఎంతో ఒక్కసారి ఆలోచించండి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. షికాగోలో మత్తుమందులు అమ్మే ఒక ముఠా లెక్కల పుస్తకాలను స్టీవెన్ లెవిట్, సుధీర్ వెంకటేష్ పరిశీలించి 2000లో ప్రచురించారు. పైన ఉన్న కొద్దిమందికి బాగానే వచ్చేది. వీధిలో నిలబడి అమ్మే కుర్రాడికి గంటకు పడేది చట్టం నిర్ణయించిన కనీస వేతనం చుట్టుపక్కలే. ప్రాణం మీదకు వచ్చే పనికి ఇంతే కూలి!

మరి పిల్లాడి మీద వేసే ముద్ర సంగతి? విలియం ఛాంబ్లిస్ 1973లో రెండు కుర్రాళ్ళ గుంపుల కథ రాశారు. ఒకే హైస్కూల్. కలిగిన ఇళ్ళ పిల్లలు 8 మంది, లేనివాళ్ళ పిల్లలు 6 మంది. రెండు గుంపులూ బడి ఎగ్గొట్టేవి, తాగేవి, దొంగతనాలు, విధ్వంసం చేసేవి. మొదటి గుంపును ఊరు, బడి, పోలీసులు "మంచి పిల్లలే, కాస్త అల్లరి" అన్నారు. రెండో గుంపును "వీళ్ళింతే, బాగుపడరు" అన్నారు. ఆ తర్వాత వాళ్ళ జీవితాలు చాలావరకు ఆ మాటల వెంటే నడిచాయి. నీకు చోటు లేదని పదిమంది అంటున్నప్పుడు, ఒక్క గుంపు మాత్రం ఉందంటే పిల్లాడు ఎటు వెళ్తాడు?

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే పరిశోధన. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో 1988లో దాదాపు వెయ్యి మంది బడి పిల్లలను ఎంచుకుని, ఏళ్ళ తరబడి వాళ్ళ వెంట నడిచారు టెరెన్స్ థార్న్‌బెర్రీ బృందం. వాళ్ళకు తేలవలసిన ప్రశ్న ఒకటే. హింస చేసే స్వభావం ఉన్నవాళ్ళే ముఠాలో చేరతారా, లేక ముఠాలో చేరాక హింస చేస్తారా? 1993లో వచ్చిన జవాబు చాలావరకు రెండోదాని వైపే ఉంది. చేరకముందు ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే మరీ ఎక్కువేం చేయలేదు. ముఠాలో ఉన్నంతకాలం హింస బాగా పెరిగింది. బయటికి వచ్చాక మళ్ళీ తగ్గింది. పిల్లాడు అదే పిల్లాడు. ఈ నగరంలోనూ, ఇలాంటి అధ్యయనాలు జరిగిన మరికొన్ని నగరాల్లోనూ, ఎక్కువమంది ముఠాలో ఉన్నది ఒక ఏడాదో, అంతకంటే తక్కువో. "ముఠాలో చేరితే ఇక అంతే" అని తల్లిదండ్రులు ఆశ వదులుకోవడం చూస్తే బాధేస్తుంది. లెక్కలు అలా చెప్పడం లేదు.

గుంపు ఎలా మార్చేస్తుందో చూడండి. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టీన్‌బర్గ్ కంప్యూటర్‌లో ఒక డ్రైవింగ్ ఆట పెట్టారు. టీనేజర్లు ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. ఇక మనస్సాక్షి విషయానికొస్తే, గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా 1957లో చెప్పినట్టు, ఈ కుర్రాళ్ళకు తప్పొప్పులు తెలియక కాదు. తెలుసు కాబట్టే సాకులు కావాలి. "నేను కావాలని చేయలేదు." "ఇప్పుడు వాడికేమైందని?" "వాడికి అలా కావాల్సిందే." "మీరంతా సుద్దపూసలా?" "మావాళ్ళ కోసం చేశాను." ఈ ఐదు రకాల మాటలూ ఎవరికి వాళ్ళు అనుకుంటే గొంతు దిగవు. గుంపులో పదిమంది ఒకేసారి అంటే దిగుతాయి.

మళ్ళీ భయం దగ్గరికి వస్తాను. రక్షణ కోసం చేరిన పిల్లాడికి రక్షణ దొరికిందా? సెయింట్ లూయిస్ నగరంలో స్కాట్ డెకర్, బారిక్ వాన్ వింకిల్ 99 మంది ముఠా సభ్యులతో మాట్లాడి 1996లో రాసిన పుస్తకంలో ఒక వలయం కనిపిస్తుంది. అవతలి పేటవాళ్ళు వస్తారేమోనని ఇవతలివాళ్ళు గుంపు కడతారు. వీళ్ళు గుంపు కట్టారని వాళ్ళు ఆయుధాలు తెస్తారు. చాలాచోట్ల కొత్తగా చేరేవాడిని మొదట తమవాళ్ళే కొడతారు. కాపాడతామన్నవాళ్ళ చేతిలోనే మొదటి దెబ్బ! 2009లో క్రిస్ మెల్డీ, ఆయన సహ పరిశోధకులు బడి పిల్లల మీద చేసిన అధ్యయనం నన్ను కదిలించింది. ముఠాలో చేరాక దెబ్బలు తినడం పెరిగింది. భయం మాత్రం తగ్గింది. ప్రమాదం పెరుగుతుంటే భయం తగ్గడం! ఆ వయసు పిల్లాడికి ముఠా ఇచ్చేది అదే. చచ్చిపోవచ్చుగానీ, ఒంటరిగా చావడు.

ఆడపిల్లల్లో ఆ ప్రమాదం తరచుగా వీధిలో కాదు, ఇంట్లో మొదలవుతుంది. జోడీ మిల్లర్ 2001లో కొలంబస్, సెయింట్ లూయిస్ నగరాల ముఠాల్లోని అమ్మాయిల గురించి రాసినప్పుడు, ఇంట్లో హింస, ఇంట్లో మత్తు, ఇంట్లో ఉండలేకపోవడం పదేపదే వచ్చాయి. ఈ విషయం మీద ఒక ప్రసంగమే వేరుగా చేయాలి.

మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా బెడిసికొడుతుందని చెప్పడానికి ఒక అనుభవం ఉంది. 1960ల్లో లాస్ ఏంజిలిస్‌లో ముఠాల దగ్గరికి కార్యకర్తలను పంపి, మీటింగులు, ఆటలు, విహారయాత్రలు పెట్టించారు. మాల్కమ్ క్లైన్ లెక్కలు తీస్తే నేరాలు పెరిగాయి. ముఠాను ముఠాగా కూర్చోబెట్టడంతో బంధం ఇంకా బలపడింది, కొత్తవాళ్ళు చేరారు. తర్వాత మరో పేటలో ఆయన తిరగేసి చేశారు. ఉమ్మడి కార్యక్రమాలు మానేసి, ఒక్కొక్కరికి ఉద్యోగం, చదువు, ఎవరి దారి వారికి చూపించారు. ముఠా పలచబడింది, అరెస్టులు తగ్గాయి. కానీ ప్రాజెక్టు అయిపోయాక ముఠా మళ్ళీ అల్లుకుంది. పేట మారలేదు కదా.

బోస్టన్‌లో 1996లో మొదలైన ప్రయత్నం భయాన్ని నేరుగా ముట్టుకుంది. పోలీసులు, చర్చి పెద్దలు, సామాజిక కార్యకర్తలు ముఠా కుర్రాళ్ళను పిలిచి ఎదురుగా చెప్పారు. మీలో ఒక్కడు కాల్చినా మీ గుంపంతటి మీదా కేసులు పడతాయి, మానేయాలనుకునేవాడికి మేం సాయం చేస్తాం. పోటీ ముఠాలకూ ఇదే చెప్పారు. అవతలివాడు కాల్చడని కాస్త నమ్మకం కుదిరితే ఇవతలివాడు తుపాకీ దించగలడు, పైగా పరువు పోకుండా దించడానికి ఒక కారణం దొరికింది. నెలకు జరిగే యువకుల హత్యలు సగటున 63 శాతం తగ్గినట్టు తర్వాతి మూల్యాంకనంలో తేలింది. ఆ తగ్గుదలలో ఈ పథకం వాటా ఎంతన్నదాని మీద చర్చ ఉంది. దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం సరైనదని నాకు అనిపిస్తుంది.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరంలో 1994లో మొదలైన మరో పని గురించి చెప్పి ముగిస్తాను. కాల్పుల్లో గాయపడిన కుర్రాడు ఆస్పత్రి మంచం మీద ఉంటాడు. బయట వరండాలో స్నేహితులు ప్రతీకారం గురించి మాట్లాడుకుంటుంటారు. మందులు పనిచేస్తూ, నొప్పి వచ్చి పోతూ ఉండే ఆ కొద్ది గంటల్లో ఒక మనిషి వచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. ఆ పేటలోనే పెరిగినవాడు, ఈ హింసను దగ్గరగా చూసినవాడు. ఆ సమయంలో ఉపన్యాసం పనికిరాదు. నొప్పి ఎక్కడుంది, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తావు, ఇల్లు క్షేమమేనా, ఎవరు వస్తారని భయపడుతున్నావు అని అడగాలి. జవాబు వచ్చేదాకా కూర్చోవాలి. తర్వాత నెలల తరబడి బడికి, కోర్టుకు, ఉద్యోగానికి తోడు వెళ్ళాలి. బడికి వెళ్ళే దారిలో ఆ మలుపు దగ్గర కూడా.

నమస్కారం.