కయోటీ వెంట నడిచిందంటే అర్థమేంటి? డాలస్ శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ కయోటీల గురించే, అదే, తోడేలుకు చుట్టమైన ఇక్కడి అడవి జంతువు. మే నెల వస్తే ఏటా ఇంతే. ఈ జంతువుల మీదే పనిచేస్తున్న వన్యప్రాణి నిపుణురాలు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ ఫ్రిస్కో నుంచి. చెప్పండి సార్.

శ్రోత (ఫ్రిస్కో): నమస్కారమమ్మా. మేం గుంటూరు నుంచి అబ్బాయి దగ్గరికొచ్చాం. పొద్దున్నే వీళ్ల కుక్కను తీసుకుని చెరువు పక్కన ట్రైల్‌లో నడుస్తుంటాను. నిన్న పొదల్లోంచి ఒకటి వచ్చింది. మీద పడలేదు. నేను నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. కొంత దూరం వచ్చి వెనక్కి పోయింది. పగటిపూట తిరుగుతోందంటే పిచ్చి పట్టిందేమో అంటాడు అబ్బాయి. మా ఆవిడకు ఒకటే టెన్షన్.

నిపుణురాలు: బాబాయి గారూ, అది మిమ్మల్ని వేటాడలేదు. తన పిల్లలున్న చోటు దాటేదాకా మిమ్మల్ని సాగనంపింది. జనవరి, మార్చి మధ్య జతకడతాయి. దాదాపు 63 రోజులకు ఈనుతాయి. ఈతకు ఐదారు పిల్లలు. మూడు వారాలకు అవి బొరియ బయటికి వచ్చి ఆడుకోవడం మొదలుపెడతాయి. అప్పటినుంచి తల్లిదండ్రులకు కంటిమీద కునుకుండదు. మీరు ఒక్కరే నడిచి ఉంటే అది బహుశా కనపడేదే కాదు. కుక్కను చూసింది కాబట్టి, పిల్లల జోలికి వచ్చిన పరాయి జంతువు అనుకుని బయటికొచ్చింది.

శ్రోత: మరి పగలు తిరగడం?

నిపుణురాలు: అన్ని నోళ్లకు తిండి కావాలి కదండీ. ఈనిన మొదట్లో తల్లి బొరియ వదిలి ఎక్కువ దూరం పోదు. మగది తిండి తెస్తుంది. కొన్నిచోట్ల నిరుడు పుట్టిన పిల్లలూ సాయం చేస్తాయి. ఎలుకలు, కుందేళ్లు మింగి వచ్చి, పిల్లలు మూతి నాకగానే వాటి ముందు కక్కుతాయి. రాత్రి వేట సరిపోక పగలు కూడా తిరుగుతాయి. పగలు కనపడినంత మాత్రాన రేబిస్ అనుకోనక్కర్లేదు. తూలుతున్నా, కాళ్లు ఈడుస్తున్నా వెంటనే యానిమల్ కంట్రోల్‌కు ఫోన్ చేయండి.

శ్రోత: అరిస్తే పోతుందంటున్నారు?

నిపుణురాలు: మామూలు రోజుల్లో పోతుంది. చేతులు పైకెత్తి గట్టిగా అరవాలి. కానీ వీపు విల్లులా వంచి, నోరు తెరిచి, గొంతులోంచి హఫ్ హఫ్ మంటోందంటే బొరియ దగ్గర్లోనే ఉన్నట్టు. అక్కడ తరమబోతే అది ఎదురు తిరుగుతుంది. వీపు చూపించి పరుగెత్తొద్దు. కుక్క చిన్నదైతే ఎత్తుకోండి. దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి రండి. జూన్ అయ్యేదాకా వేరే దారిలో నడవండి, అంతే.

వ్యాఖ్యాత: మేడమ్, మనవాళ్లు పెరట్లో పిట్టలకు అన్నం పెడుతుంటారు...

నిపుణురాలు: దయచేసి మానేయండి. అన్నానికి ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం కయోటీ వస్తుంది. మనుషుల దగ్గర తిండి దొరుకుతుందని అలవాటైన కయోటీ అంటేనే నాకు భయం. 2018 చివర్లో ఫ్రిస్కోలో ఎల్డొరాడో పార్క్‌వే దగ్గర మనుషుల మీదకొచ్చిన సంఘటనలు గుర్తున్నాయా? అది పిల్లల కాలం కూడా కాదు.

వ్యాఖ్యాత: తర్వాత, సెలైనా అవతల ర్యాంచ్ ఉన్న శ్రోత.

శ్రోత (ర్యాంచ్): మేడమ్, నావి ముప్పై మేకలు. ఈ నెలలో మూడు పిల్లలు పోయాయి. పక్క ర్యాంచ్ ఆయన కయోటీ పిల్ల ఏడుపులా శబ్దం చేసే కాల్ పెట్టి, తల్లి రాగానే కాల్చేయమంటున్నాడు. టెక్సస్‌లో ఏడాది పొడవునా కాల్చొచ్చట కదా?

నిపుణురాలు: నిజమే, ఇక్కడ నిషేధ కాలం లేదు. ఆ కాల్ కూడా ఈ నెలల్లో బాగా పనిచేస్తుంది, పిల్ల ఏడిస్తే ఏ తల్లి ఆగుతుంది? కానీ తల్లి పోతే బొరియలో పిల్లలు ఆకలితో మాడి చస్తాయి. నాకది ఇష్టం లేదు, మీకు సూటిగానే చెబుతున్నాను. ముందు ఒకటి అడగనా? చచ్చిన పిల్ల మెడ చూశారా?

శ్రోత: లేదండీ. సగం తినేసి ఉంది.

నిపుణురాలు: ఈసారి గ్లవ్స్ వేసుకుని దవడ కింద, గొంతు దగ్గర చర్మం ఒలిచి చూడండి. పంటి గాట్ల కింద కండలో రక్తం కమిలి ఉంటే బతికుండగానే పట్టుకుందన్నమాట. కయోటీ ఎక్కువగా గొంతే పట్టుకుంటుంది. కమిలిన గుర్తే లేకపోతే, మేకపిల్ల ముందే చచ్చి ఉంటుంది, ఇది తర్వాత వచ్చి తిని ఉంటుంది. వెనక కాళ్లు, పిర్రలు, చెవులు ఎక్కడపడితే అక్కడ చీలి ఉంటే ఊరకుక్కల్ని అనుమానించండి.

శ్రోత: కయోటీయే అని తేలితే?

నిపుణురాలు: వయోమింగ్‌లో గొర్రెల మంద దగ్గర పరిశోధకులు ఒక సంగతి గమనించారు. కయోటీ జంటను వదిలేసి బొరియలో పిల్లల్ని మాత్రం తీసేస్తే, గొర్రెపిల్లల మీద దాడులు బాగా తగ్గిపోయాయి. తర్వాత యూటాలో పెద్దవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి చూసినా అవి తక్కువ గొర్రెపిల్లల్నే చంపాయి. అంటే మీ మేకపిల్ల పోయేది చాలావరకు వాటి పిల్లల ఆకలి కోసమే. కాబట్టి ఆ ఎనిమిది పది వారాలు మీరు కాచుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. ఈనే మేకల్ని బొరియలకు దూరంగా, ఇంటి దగ్గరి దొడ్డిలో ఉంచండి. చీకటి పడేలోపు తోలి తలుపు వేయండి. ఈనగానే మాయ, చచ్చిన పిల్లలు తీసి పాతిపెట్టండి, ఆ వాసనకే వస్తాయి. మేకల మధ్యే పెరిగిన గ్రేట్ పైరనీస్ జాతి కాపలా కుక్క ఒకటి ఉంటే మీకు నిద్ర పడుతుంది.

శ్రోత: కాల్చేస్తే పీడ పోతుంది కదా మేడమ్?

నిపుణురాలు: పోదండీ. జంట ఖాళీ చేసిన చోటికి, చోటు కోసం తిరిగే ఇంకో కయోటీ వస్తుంది. మేకల జోలికి రాని జంట మీ హద్దులో ఉంటే అది మీకు కాపలా కింద లెక్క, వేరేవాటిని రానివ్వదు. ఇన్ని చేసినా ఒకటి పట్టు వదలకపోతే, దాన్నొక్కదాన్నే తీసేయడం గురించి రైతులకు సలహాలిచ్చే మీ కౌంటీ అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో మాట్లాడండి. కనపడినదాన్నల్లా కాల్చొద్దు.

వ్యాఖ్యాత: ఒక్క నిమిషమే ఉంది. ఇర్వింగ్ నుంచి చెల్లెమ్మ, త్వరగా.

శ్రోత (ఇర్వింగ్): అక్కా, మా వెనక డ్రైనేజీ పైపులో నాలుగు కయోటీ పిల్లలున్నాయి. మా హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం వాళ్లు పైపు మూసేస్తామంటున్నారు. మా బాబు పాలు పెడదామని గొడవ.

నిపుణురాలు: బాబును అటు వెళ్లనివ్వకమ్మా, పాలు అసలే వద్దు. ముట్టుకుంటే రేబిస్ ఇంజెక్షన్ల దాకా పోవచ్చు. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. మనుషుల అలికిడి ఎక్కువైతే తనే ఒక్కోదాన్ని నోట కరుచుకుని వేరే బొరియకు మార్చేస్తుంది. ఇప్పుడు మూస్తే లోపల పిల్లలు చస్తాయి, బయట తల్లి మీ వాకిళ్ల చుట్టూ తిరుగుతుంది. జూలైకల్లా ఖాళీ అవుతుంది. లోపల ఏమీ లేవని చూసుకుని, అప్పుడు నీళ్లు పోయేలా ఇనప జాలీ బిగించమని మీ వాళ్లకు చెప్పు.