పాతబస్తీకి ఏ వేళకు వెళ్లాలి?

అందరికీ నమస్కారం.

తెలియని పేట చూడ్డానికి బయల్దేరే ముందు మనం అడిగే మొదటి మాట, "అక్కడ ఏమున్నాయి?" దీనికి ఫోను చక్కగా జవాబు చెబుతుంది. "ఏ వేళకు వెళ్లాలి?" అన్నప్పుడే అది తడబడుతుంది. షాపు తెరిచే టైము, మూసే టైము చూపిస్తుంది గాని, పొద్దున ఎనిమిదిన్నర దాటితే నహారీ అనే మాంసపు పులుసు గిన్నె అడుగంటుతుందని చెప్పదు. చార్మినార్ దాకా వెళ్లి "జనం తప్ప అక్కడ ఏముందండీ" అని తిరిగొచ్చినవాళ్లను ఎప్పుడు వెళ్లారో అడిగి చూడండి. ఎక్కువమంది ఆదివారం సాయంత్రం అయిదున్నరకు, అదీ కారులో వెళ్లినవాళ్లే ఉంటారు.

ఈరోజు మాట్లాడేది హైదరాబాద్ పాతబస్తీ గురించి, అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటి మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్, అక్కడి నుంచి లాడ్ బజార్ చివర వరకు. మొత్తం దారి రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆగకుండా నడిస్తే అరగంట, సరిగ్గా చూస్తే ఒక రోజు చాలదు.

ముందు వారం సంగతి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా ప్యాలెస్‌కూ రెండింటికీ సెలవు. ఊరి నుంచి చుట్టాలను వెంటబెట్టుకొచ్చి గేటు దగ్గర నిలబడేవాళ్లు ప్రతి శుక్రవారమూ కనిపిస్తారు. పైగా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా జుమ్మా నమాజు జనంతో మక్కా మసీదు చుట్టూ దారి కిటకిటలాడుతుంది. ఆదివారం చార్మినార్ దగ్గర తిరునాళ్లే, కానీ నది ఇవతల బేగంబజార్‌లో చాలా హోల్‌సేల్ షాపుల షట్టర్లు దించి ఉంటాయి. గురువారం పురానాపూల్ వైపు జుమేరాత్ బజార్ అని పాత సామాన్ల సంత జరుగుతుంది. ఉర్దూలో జుమేరాత్ అంటే గురువారమే, కాబట్టి ఏ రోజు వెళ్లాలో పేరే చెబుతోంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా మంచిది.

కారు తీసుకెళ్లకండి. చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు, దగ్గర్లో పార్కింగ్ దొరకడం కష్టం, దొరికినా బయటికి తీయడం ఇంకా కష్టం. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గర మెట్రో దిగండి, ఎరుపు, ఆకుపచ్చ లైన్లు రెండూ అక్కడే కలుస్తాయి. సిటీబస్సయితే అఫ్జల్‌గంజ్‌లో దిగొచ్చు. ఆటో మాట్లాడుకునేటప్పుడు "చార్మినార్" అనకుండా "మదీనా" అనండి. అక్కడి నుంచి నడక పది నిమిషాలే, మధ్యలో ట్రాఫిక్‌లో నిలబడి మీటరు చూస్తూ కూర్చునే బాధ తప్పుతుంది.

ఇక పొద్దున. ఆరింటికల్లా అక్కడుండాలి. షాపులు పదకొండుకు గాని తెరవరు కదా, అంత పొద్దున్నే ఎందుకని అడుగుతారు. షాపులు మూసి ఉంటాయి కాబట్టే వెళ్లాలి. పత్తర్‌గట్టిలో పగలు మనకు కనిపించేది చీరలు, సైన్‌బోర్డులు, తలకాయలు. తెల్లవారుజామున అదే వీధిలో రాతి కమానుల వరుస బయటపడుతుంది. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద ఈ ఊరిని ముంచేసింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటయింది, ఆ తర్వాత ఏడో నిజాం కాలంలో ఈ వీధిని కింద దుకాణాలు, పైన నివాసాలుగా రాతితో కట్టారు. వరద గుర్తు ఇంకొకటి దారిలోనే ఉంది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు అది. ఆనాడు దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. దాని ముందు నుంచే రోజూ వేలమంది మందుల చీటీలు పట్టుకుని వెళ్తుంటారు.

పత్తర్‌గట్టి దాటాక నాలుగు కమానుల మధ్యకు వస్తారు. ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. నడుమ ఉన్న నీటి తొట్టే గుల్జార్ హౌజ్. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంవే ఇవీ. పడమటి కమాన్ ఒకప్పుడు రాజప్రాసాదానికి దారి. పగలు బళ్ల మధ్య ఇక్కడ తలెత్తి చూస్తే ఎవరో ఒకరు గుద్దుతారు, పొద్దున నడిరోడ్డు మీద నిలబడి నాలుగు దిక్కులూ తీరిగ్గా చూసుకోవచ్చు. అదే చోట బండి దగ్గర వెన్న దోశ, తవా ఇడ్లీ దొరుకుతాయి. శాకాహారులకు పొద్దుటి దిక్కు అదే.

మాంసం తినేవాళ్లకు నహారీ. కాళ్లు, నాలుక రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించిన పులుసు, పక్కన కుల్చా రొట్టె. ఇందులో ఇంట్లో దొరకని వాసన ఒకటి వస్తుంది. అది పోట్లీ మసాలాది. గంధపు చెక్క, వట్టివేరు, ఎండు గులాబీ రేకులు, రాతిపువ్వు, పాన్‌కీ జడ్ అనే తమలపు వేరు లాంటివి పలచటి గుడ్డలో మూటగట్టి పులుసులో వేస్తారు, తర్వాత మూట తీసేస్తారు. పొడి కొట్టి నేరుగా వేస్తే చేదెక్కుతుంది. ఇంట్లో చేసి చూసినవాళ్లు పొరబడేది ఇక్కడే. గిన్నె మూత తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక తీస్తారు. ఎనిమిదిన్నరకు వెళ్తే పులుసు ఉంటుంది, ముక్క ఉండదు.

తర్వాత చాయ్. మన ఇంటి టీకీ ఇరానీ చాయ్‌కీ తేడా ఆకులో కంటే పద్ధతిలో ఎక్కువ. మనం పాలు, నీళ్లు, పొడి, చక్కెర కలిపి ఒకే గిన్నెలో మరగబెడతాం. వాళ్లు డికాక్షన్‌ను మూత బిగించిన పాత్రలో సన్నసెగ మీద దమ్ముకు పెడతారు, పాలను వేరుగా చిక్కబడేదాకా కాస్తారు, రెండింటినీ కప్పులోనే కలుపుతారు. డికాక్షన్ ఎక్కువసేపు నిలిస్తే వగరెక్కుతుంది. అందుకే రద్దీగా ఉన్న హోటల్లో, రద్దీ వేళలో తాగిన చాయే బాగుంటుంది, అక్కడ పాత్ర గబగబా ఖాళీ అయి కొత్తది ఎక్కుతుంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఖాళీ హోటల్లో తాగి "పేరుకే ఇరానీ" అనడం న్యాయం కాదు. మక్కా మసీదు పక్కన, చార్మినార్ ఎదుట ఉన్న నిమ్రా కేఫ్ తెల్లవారుజామునే తెరుస్తుంది. కూర్చోవడానికి చోటు పెద్దగా ఉండదు, నిలబడి తాగాలి. కూర్చుని కబుర్లు చెప్పుకోవాలంటే మదీనా వైపు పాత హోటళ్లు మేలు. ఉస్మానియా బిస్కట్ ఉప్పూ తీపీ కలిసి ఉంటుంది, చాయ్‌లో ఒకటి రెండు సెకన్లకు మించి ముంచితే కప్పులో పడి పోతుంది. పొరలు పొరలుగా ఉండే ఖారీ కాసేపు ఆగుతుంది. ఇద్దరుంటే "వన్ బై టూ" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

చార్మినార్ పైకి తొమ్మిదిన్నరకు వదులుతారు. మొదటి అంతస్తు దాకే, మెట్లు ఇరుకు, చుట్టలు చుట్టుకుంటూ పోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, తల తిరిగేవాళ్లు కిందే ఆగడం మంచిది. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. సాలార్‌జంగ్‌లోని సంగీత గడియారం చూడాలనుకుంటే పన్నెండుకు కాకుండా పదకొండుకు వెళ్లండి. గంట కొట్టే చిన్న బొమ్మ ఏ గంటకైనా బయటికొస్తుంది, పన్నెండు దెబ్బల కోసం మాత్రం హాలు నిండిపోతుంది. మరో మాట, శుభ్రమైన మరుగుదొడ్లు నమ్మకంగా దొరికేది మ్యూజియంలో, ప్యాలెస్‌లో. బజారులో దిగే ముందు ఆ పని చూసుకోండి. ఆడవాళ్లు సగం నడకకే వెనక్కి తిరగడానికి అసలు కారణం ఇదే, దీన్ని ఏ టూరిస్టు పుస్తకమూ రాయదు.

లాడ్ బజార్‌కు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య వెళ్లండి. ఎండగా ఉంటుంది, నిజమే. కానీ ఆ వేళకు షాపులన్నీ తెరిచి ఉంటాయి, గిరాకీ పలచగా ఉంటుంది, అమ్మేవాళ్లకు పది జతలు తీసి చూపించే ఓపిక ఉంటుంది. సాయంత్రం ఆరు తర్వాత మీరు చూసేది గాజులను కాదు, ముందున్నవాళ్ల వీపులను.

చార్మినార్ నుంచి పడమటగా, మహబూబ్ చౌక్ గడియార స్తంభం వైపు సాగే వీధి ఇది. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరచి, సాగదీసి, వలయంగా చుట్టి, వేడి తగ్గకముందే రాళ్లు అద్దుతారు. కొన్ని షాపుల వెనకే ఆ పని జరుగుతుంటుంది, అడిగితే చూపిస్తారు. ప్లాస్టిక్ గాజు మీద రాళ్లు జిగురుతో అతికించినవి కూడా ఇదే వీధిలో, ఇదే మెరుపుతో అమ్ముతారు. తేడా ఎలా తెలుస్తుందంటే, లోపలి వైపు చూడండి. లక్కకు చేతిపని ఎగుడుదిగుడు కొంచెం కనిపిస్తుంది, చేతిలో బరువు తెలుస్తుంది. రాయి లక్కలోకి దిగి ఉంటుంది, జిగురుదైతే పైన కూర్చుని ఉంటుంది, గోటితో తడిమితే అంచు తగులుతుంది. లక్క గాజుకు ఇంకో సుగుణం, కాస్త బిగుతయితే సెగ చూపి సైజు సవరిస్తారు. ఆ సుగుణమే దాని బలహీనత కూడా. ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు మీద వదిలేస్తే ఇంటికెళ్లేసరికి వంకర తిరుగుతుంది.

సైజుల దగ్గర జరిగే పొరపాటు చెప్పాలి. టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్, టూ టెన్ అంటారు. ఇవి దశాంశాలు కావు. టూ ఫోర్ అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. టూ సిక్స్ 60, టూ ఎయిట్ 63.5, టూ టెన్ దాదాపు 67. కాగితం మీద 2.10 అని చూసి, 2.8 కంటే చిన్నదనుకుని అమెరికాలో ఉన్న కోడలికి తెచ్చేవాళ్లున్నారు. సరిపోయే పాత గాజు ఒకటి వెంట తీసుకెళ్తే సరి, లేదంటే స్కేలు పెట్టి లోపలి అడ్డం కొలిచి మిల్లీమీటర్లలో రాసుకోండి. బేరం మొదలుపెట్టే ముందు చెప్పిన ధర జతకా, సెట్టుకా, డజనుకా అన్నది తేల్చుకోండి. సగం తగాదాలు అక్కడే పుడతాయి. మొదటి షాపులో కొనకుండా మూడు షాపుల్లో అడిగి, నాలుగోదాంట్లో కూర్చోండి. కూర్చున్నాక లేచి వెళ్లడం కష్టం, కుర్చీ వేసేదే అందుకు.

అత్తరు కొనేవాళ్లకు ఒక్క సలహా. సీసా మూత దగ్గర వాసన చూసి తీర్మానించకండి. మణికట్టు మీద చుక్క రాయించుకుని, రుద్దకుండా, ఇరవై నిమిషాలు వీధిలో తిరిగి రండి. మొదటి వాసన ఆవిరైపోయాక ఉండేదే మీరు డబ్బిచ్చి కొనేది. ఒక పూటలో మూడింటికి మించి చూస్తే ముక్కు పని చేయదు. తులం లెక్కన ధర చెబుతారు, తులమంటే 11.66 గ్రాములు, చిన్న సీసా కూడా ఇస్తారు. ముత్యాలకైతే రెండింటిని మెల్లగా ఒకదానితో ఒకటి రాయండి, అసలైతే సన్నని గరుకు తగులుతుంది, గాజుదైతే జారిపోతుంది. దండలో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉందో లేదో చూడండి, దారం తెగితే ఒకటే పోతుంది.

భాష గురించి భయం అక్కర్లేదు. తెలుగు నడుస్తుంది. దక్కనీలో "నక్కో" (వద్దు) ఒక్కటి వస్తే చాలు, వెంటపడే బేరగాళ్లు నవ్వి వదిలేస్తారు. అయితే దర్జీ "పర్సోం" ఇచ్చాను అన్నా, కొట్టువాడు సరుకు "పర్సోం" వచ్చింది అన్నా మొన్న అనుకోకండి. హైదరాబాదులో ఆ మాట పోయిన నెలకూ వర్తిస్తుంది, పోయిన దశాబ్దానికీ వర్తిస్తుంది.

బేగంబజార్‌ను ఇదే రోజున కలపకండి. రెండో నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన జాగాలో పుట్టిన పేట అది, దానికి వేరే రోజు, వేరే సంచి కావాలి. పదకొండున్నరకు వెళ్లండి. ఇత్తడి, రాగి పాత్రలు కిలో లెక్కన అమ్ముతారు, పిడి, మూత కూడా అదే ధరకు తూస్తారా అని ముందే అడగండి. వండుకోవడానికి ఇత్తడి గిన్నె తీసుకుంటే కళాయి పూసిందే కావాలి, లేకపోతే చింతపులుసు కాచిన రోజే తెలుస్తుంది. పోట్లీ మసాలా దినుసులు విడివిడిగా దొరికేది కూడా ఇక్కడే.

ఇంతవరకు చెప్పిన వేళలన్నీ రంజాన్ నెలలో తలకిందులవుతాయి. పొద్దుటి నహారీ ఉండదు, పగలు హోటళ్ల ముందు పరదాలు. నాలుగింటి నుంచి హలీమ్ భట్టీల దగ్గర జనం మొదలవుతారు, ఇఫ్తార్ వేళకు వీధి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఆ అరగంటే పత్తర్‌గట్టిలో నడవడానికి అనువైన సమయం. రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజు ముగిశాక, రాత్రి పదిన్నరకు లాడ్ బజార్ అసలు తెరుచుకుంటుంది, తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహరీ దాకా నడుస్తుంది. తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. చివరి మెట్రో వెళ్లిపోయే వేళకు బజారు ఇంకా నిండుతూనే ఉంటుంది.