పిచ్చివాళ్ల చేతిలో యంత్రం
(గ్రంథాలయ వారోత్సవాల తొలిరోజు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడే మనిషి పుస్తకాల గురించి మాట్లాడాలి. కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడే చెప్పాను, ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు, నాకు తెలిసినవి క్యాసెట్లూ క్రికెట్టూనే అని. "అదే చెప్పండి బాబాయ్ గారూ, కనీసం కుర్రాళ్లు కూర్చుంటారు" అన్నారు. కూర్చున్నారు, వెనక వరసల్లో. ఫోన్లు చూసుకుంటున్నారు. చూసుకోండి నాయనా, నేను మాట్లాడబోయేదీ దాని సంగతే.

యంత్రం తయారుచేసినవాళ్లు ఏదో ఒక పని మనసులో పెట్టుకుని చేస్తారు. పాటల పిచ్చి, సినిమాల పిచ్చి, ఆటల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని ఎత్తుకుపోయి ఇంకో పనికి వాడతారు. కొన్నాళ్లకు మొదటి పని ఎవరికీ గుర్తుండదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్, అంటే మాట పట్టి మళ్లీ వినిపించే యంత్రం, కనిపెట్టాడు. మరుసటి ఏడాది ఒక పత్రికలో, ఇది ఎందుకు పనికొస్తుందో వరసగా పది ఉపయోగాలు రాశాడు. మొదటిది ఆఫీసు ఉత్తరాలు చెప్పి రాయించుకోవడం. తర్వాత చూపులేనివాళ్లకు వినిపించే పుస్తకాలు, ఆ తర్వాత ఉచ్చారణ పాఠాలు. సంగీతం నాలుగోది. అంత తెలివైనవాడికీ జనం పాటలే అడుగుతారని తట్టలేదు.

రేడియోలోనూ ఇదే వరస. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలు గిట్టవు. ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీతం పెంచారు, సినిమా పాటను తగ్గించారు. జనం వాదనకు దిగలేదు. రేడియో ముల్లు సిలోన్ (ఇప్పటి శ్రీలంక) స్టేషన్ వైపు తిప్పారు, అంతే. సముద్రం అవతల నుంచి షార్ట్‌వేవ్ మీద అలలు అలలుగా వచ్చే పాట కోసం చెవి రేడియోకి ఆనించి కూర్చున్నారు. మీనాక్షి పొన్నుదురై గారు అక్కణ్ణుంచి తెలుగులో పాటలు వినిపిస్తే ఇక్కడ మన ఇళ్లల్లో చుట్టాల పిల్ల మాట్లాడినట్టు మురిసిపోయారు. 1957 అక్టోబర్‌లో ప్రభుత్వమే దిగొచ్చి సినిమా పాటలు వినిపించే వివిధ భారతి పెట్టింది.

ఇక నా సొంత రంగం. బస్టాండు వెనక వీధిలో క్యాసెట్ల రికార్డింగ్ షాపు నాది. ముందు వరసల్లో ఉన్నవాళ్లలో సగం మంది నా దగ్గర బాకీ ఉన్నవాళ్లే, ఇప్పుడు అడగను.

క్యాసెట్టు కూడా పాటల కోసం పుట్టలేదండీ. ఫిలిప్స్ కంపెనీలో లూ ఓటెన్స్ అనే ఇంజనీరు, కోటు జేబులో పట్టేంత చెక్కముక్క ఒకటి చేయించుకుని, రికార్డరు ఇంతకు మించకూడదని తన వాళ్లకు చెప్పాడట. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో బయటపెట్టారు. మాటలు రికార్డు చేసుకోవడానికి అది చాలు. స్టూడియోలో టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు పరిగెత్తితే ఇందులో ఐదు సెంటీమీటర్లు కూడా కదలదు, 4.76. వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపు. అంత సన్నటి పట్టీ మీద, అంత నెమ్మదిగా సంగీతం రాస్తే వెనకాల 'స్‌స్‌స్' అని శబ్దం రాకుండా ఉంటుందా? వచ్చింది. అయినా జనం దాని మీద పాటలే ఎక్కించుకున్నారు. ఆ శబ్దం తగ్గించడానికి డాల్బీ, క్రోమ్ టేపులు, టేపుకి ఆని పాటను చదివే మంచి హెడ్లు అన్నీ తర్వాత వచ్చాయి. పాటలు వినేవాళ్లు వదిలిపెట్టలేదు కాబట్టి వచ్చాయి. ఫిలిప్స్ వాళ్లు ఈ నమూనాను ఇతర కంపెనీలు ఊరికే వాడుకోనిచ్చారు, అదీ కలిసొచ్చింది.

షాపులో అసలు పని లెక్కలు. అరవై క్యాసెట్టంటే ఒక వైపు ముప్ఫై నిమిషాలు. కాలేజీ కుర్రాడు చీటీ మీద ఇళయరాజా పాటలు రాసుకొచ్చేవాడు. ఎనభైల్లో పాట నాలుగు, నాలుగున్నర నిమిషాలు. ఆరు పాటలు వేస్తే ఇరవై ఏడు నిమిషాలైంది. మిగిలిన మూడు నిమిషాల్లో ఏడో పాట పట్టదు. వేస్తే చరణం మధ్యలో 'టక్' మని ఆగుతుంది. అలా ఆగితే కుర్రాడు మర్నాడు పొద్దున్నే కొట్టు తలుపు దగ్గర ఉంటాడు. నేను కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, పాతపాట. గ్రామఫోన్ రోజుల్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుకి ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిల్లరే పట్టేది, అందుకని ఆ కాలం పాటలు చాలావరకు ఆ కొలత లోపే కట్టారు. క్యాసెట్టు చివర మిగిలే ఖాళీకి అతికినట్టు సరిపోయేవి. ఇళయరాజా అడిగిన ప్రతివాడికీ అటు చివర ఒక ఘంటసాల, ఇటు చివర ఒక లీల గారినో జిక్కి గారినో అంటగట్టాను. మొదట్లో తిట్టుకున్నారు. తర్వాత కొందరు "ఆ చివరి పాటల్లాంటివి ఇంకొన్ని ఉన్నాయా?" అని వచ్చారు. ఈ ఊళ్లో ఒక తరానికి పాతపాటల మీద అభిమానం కలగడానికి నా సంగీతజ్ఞానం కారణం కాదు, మూడు నిమిషాల ఖాళీ కారణం.

పిచ్చి ముదిరినవాళ్లు వేరే రకం. తొంభై క్యాసెట్టు టేపు పల్చన, నూటఇరవైది మరీ పల్చన, మిషన్ నమిలేస్తుంది, అరవైయే కొనమని పక్కవాడికి సలహా చెప్పేవాళ్లు. పాట మందంగా వినిపిస్తే చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని హెడ్ పక్కనున్న స్క్రూ ఒక పిసరు తిప్పేవాళ్లు, తబలా అంచు, తాళం చప్పుడు ఖణ్‌మనేదాకా. హెడ్ వంపు వెంట్రుకవాసి మారితే పై శబ్దాలన్నీ పోతాయని వాళ్లకు ఏ పాలిటెక్నిక్కూ చెప్పలేదు. బాలు గారి గొంతు బొంగురుపోతే బ్యాటరీలు అయిపోయాయి, పాట ఊగిసలాడితే బెల్టు సాగింది. దూదిపుల్లతో స్పిరిట్ రాయడం, క్యాసెట్టు వీపున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరగ్గొడితే దాని మీద ఇంకెవరూ రికార్డు చేయలేరనడం, మళ్లీ చేయాలనుకుంటే ఆ కంత మీద సెల్లోటేపు అంటించడం, ఇవన్నీ ఏడో తరగతి తప్పినవాళ్లకీ తెలుసు. ఒరిజినల్ నుంచి చేసిన కాపీకీ, కాపీ నుంచి చేసిన కాపీకీ తేడాని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు నాకు తెలుసు. చదువులో 'వీడికి ఏకాగ్రత లేదు' అని పేరుపడ్డవాళ్లే వీళ్లు.

నిజం చెప్పాలి కనక చెబుతున్నా, మా షాపుల వ్యాపారం చట్టానికి విరుద్ధం. 1957 కాపీరైట్ చట్టం అప్పటికే ఉంది, మాకు తెలుసు, పోలీసులకూ తెలుసు. ఆ సంగీత దర్శకుడికీ పాడినవాళ్లకీ మేం ఒక్క పైసా ఇవ్వలేదు. గుల్షన్ కుమార్ ఉత్తరాదిన టీ-సిరీస్ పెట్టి, చట్టంలో ఉన్న సందు చూసుకుని పాత పాటలు వేరేవాళ్ల చేత పాడించి చవగ్గా అమ్మాడంటే, దాన్ని తప్పుపట్టే అర్హత మాకు లేదు. కానీ ఆ చవక వల్లే హరికథలు, బుర్రకథలు, వీధి నాటకాల పద్యాలు క్యాసెట్టెక్కాయి. గ్రామఫోన్ కంపెనీలు పల్లెటూరి కథకుడి మొహం చూసేవి కావు. క్యాసెట్టు వేయడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు.

ఘంటసాల గారి భగవద్గీత సంగతి చూడండి. ఆయన చివరి రోజుల్లో పాడిన గీత అది. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయారు. పొద్దున్నే స్నానం చేసి భక్తిగా వింటారని వేసిన రికార్డు. ఏ ఊళ్లో మొదలెట్టారో గాని, చావు జరిగిన ఇంటి ముందు దాన్ని పెట్టడం మొదలెట్టారు. క్యాసెట్లొచ్చాక అది ఊరూరా ఆచారమైపోయింది. ఇప్పుడు పగటిపూట ఎక్కడన్నా ఆ గొంతు వినిపిస్తే అర్థం తెలుసుకోవాలని ఎవరూ ఆగరు, "అయ్యో, ఎవరు పోయారండీ?" అని అడుగుతారు. నాకు ఇది బాధగానే ఉంటుంది. కానీ వినేవాళ్లు ఒకసారి తీర్మానించాక రికార్డు కంపెనీ ఏం చేస్తుంది?

గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లల్లో ఇంకో వాడకం. అక్కణ్ణుంచి టూ ఇన్ వన్, అంటే రేడియో, టేప్ రికార్డరు కలిసిన మిషన్, తెచ్చేవాళ్లు. రెండేళ్లకోసారి వచ్చే మనిషి మధ్యలో క్యాసెట్టులో మాట్లాడి, వచ్చే పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. ఉత్తరం రాయడం రాని తల్లి, చదివిపెట్టమని ఎవరినీ బతిమాలకుండా కొడుకు మాట విని, అదే క్యాసెట్టు రెండో వైపు తను మాట్లాడి పంపేది.

ఆట సంగతికొస్తాను, సమయం చూస్తున్నారు కార్యదర్శి గారు. ఇవాళ నవంబర్ 14 కదా. 1992లో ఇదే రోజు దక్షిణాఫ్రికాలో, డర్బన్ టెస్టులో సచిన్ రనౌట్ అయ్యాడు. టీవీ రీప్లే చూసి మూడో అంపైర్ ఔటిచ్చిన మొదటి బ్యాట్స్‌మన్ ఆయనే. ఆ తెర ముందు కూర్చున్న మూడో అంపైర్ కార్ల్ లీబెన్‌బర్గ్. రీప్లే అనేది అంపైర్ల కోసం పుట్టలేదు. ఇంట్లో చూసేవాళ్లకు మళ్లీ ఒకసారి చూపించి ఆనందపెట్టడానికి పుట్టింది. దానివల్ల విచిత్రం జరిగింది. మైదానంలో నిలబడ్డ అంపైర్ బంతిని ఒక్కసారే చూశాడు, కాఫీహోటల్లో మనం నాలుగుసార్లు చూశాం, అదీ నెమ్మదిగా. తీర్పు చెప్పేవాడి కంటే బజ్జీ తినేవాడికి ఎక్కువ తెలిసిపోయింది. ఆ పరిస్థితి ఎన్నాళ్లు నిలుస్తుంది?

హాక్-ఐ ఇంకా మంచి ఉదాహరణ. పాల్ హాకిన్స్ అనే క్రికెట్ పిచ్చి ఉన్న ఇంగ్లీషు ఇంజనీరు, మైదానం చుట్టూ కెమెరాలు పెట్టి బంతి ఏ దారిన పోతోందో లెక్కగట్టే పద్ధతి తయారుచేశాడు. 2001లో లార్డ్స్‌లో ఇంగ్లండ్, పాకిస్తాన్ ఆడుతుంటే చానెల్ 4 వాళ్లు వాడారు, చూసేవాళ్ల సరదాకి. ఏడేళ్లు తిరిగేసరికి 2008లో శ్రీలంకలో మనవాళ్లు ఆడిన టెస్టుల్లో, అంపైర్ తీర్పుని మళ్లీ చూడమని ఆటగాళ్లు అడిగే రివ్యూ పద్ధతిని ప్రయత్నించారు. మనకది కలిసిరాలేదు, మన బోర్డు అలిగింది. 2016లో ఇంగ్లండ్ మన దేశానికి వచ్చినప్పుడు గాని టెస్టుల్లో పూర్తిగా ఒప్పుకోలేదు. ఇవాళ ఏ టిఫిన్ సెంటర్లోనైనా చెవిన వేసుకోండి. "లెగ్ అవతల పిచ్ అయింది, ఇంక రివ్యూ దండగ" అంటాడు ఇడ్లీ పెట్టే కుర్రాడు. బంతి సగానికి పైగా వికెట్టుకు తగలకపోతే నాటౌట్ అన్న అంపైర్ మాటే నిలుస్తుందని పదేళ్ల పిల్ల వాళ్ల తాతకి చెబుతుంది. బ్లాక్‌బోర్డు మీద రేఖాగణితం అంటే పారిపోయే పిల్లే.

వెనక వరసల కుర్రాళ్లను చూస్తే మావాళ్లకు కోపం. ఏ థియేటర్లో అట్మాస్ సౌండు ఉందో, ఏ తెర పెద్దదో, ఏ పాటకు ఎవరు మిక్సింగ్ చేశారో, హీరో క్లిప్పుకి రంగులెలా దిద్దాలో వీళ్లకు తెలిసినంత మాకు తెలీదు. మేం స్క్రూడ్రైవరుతో చేసిందే వీళ్లు వేలితో చేస్తున్నారు. ఒకరి హీరోని ఒకరు బూతులు తిట్టుకోవడం మాత్రం నాకు నచ్చదు. అదీ మా రోజుల్లో ఉంది, గోడల మీద రాసేవాళ్లం, చేరేసరికి కాస్త ఆలస్యమయ్యేది.

ఇప్పుడొక పని మాట. మీ ఇళ్లల్లో అటకల మీద క్యాసెట్లున్నాయి. టేపుకి బూజు పడుతుంది, పొర ఊడుతుంది, ఆడించే మిషన్లు కొత్తవి దొరకడం కష్టం. మన గ్రంథాలయంలో ఒక మంచి డెక్కు, దానికి కంప్యూటరు తగిలించి పెట్టాం. మీ తాత చదివిన పద్యాలు, పెళ్లిలో అమ్మమ్మలు పాడిన పాటలు, మన ఊరి హరికథ, గల్ఫ్ నుంచి వచ్చిన మాటలు, ఏవున్నా తీసుకురండి, ఎక్కించి ఇస్తాం. తెచ్చేముందు ఇంట్లో పాత మిషన్‌లో పెట్టి చూడకండి, నమిలేస్తుంది. తెల్లగా బూజు కనిపిస్తే విడిగా కవరులో పెట్టండి. వీపున ఆ రెండు పలకలూ విరగ్గొట్టండి. ఎవరి గొంతో, ఏ సంవత్సరమో కాగితం మీద రాసి తెండి. పైన సినిమా పేరుందని పారేయకండి, చాలా ఇళ్లల్లో పాటల మీదే పిల్లల మాటలు రికార్డు చేశారు, రెండో వైపు చివరిదాకా మేం వింటాం.

ప్రతి ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా ఆ ముందు గదిలో నేనే కూర్చుంటాను. కరెంటు పోతే మాత్రం పై ఆదివారం.