నెలల పిల్లలకు పుస్తకమా?

నమస్కారం. ఇంట్లో ఏడాది నిండని బిడ్డ ఉన్నవాళ్లతో ఈ రోజు కాసేపు మాట్లాడాలని ఉంది. మిగతావాళ్లు కూడా వినండి, ఎప్పుడో ఒకప్పుడు మీ ఒళ్లోకీ ఒక పసిబిడ్డ వస్తుంది కదా.

పసిపిల్లలకి పుస్తకం చదివి వినిపించండి అంటే చాలామంది నవ్వేస్తారు. మాటలే రాని బిడ్డకి కథేం అర్థమవుతుంది, బళ్లో వేశాక చూద్దాంలే అంటారు. కథ అర్థం కాదు, నిజమే. కానీ కడుపులో ఉండగానే, ఆరో నెల దాటేసరికి బిడ్డకి బయటి శబ్దాలు వినపడుతుంటాయి. 1986లో డికాస్పర్, స్పెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు గర్భిణులచేత ఆఖరి ఆరు వారాల్లో ఒకే కథను రోజూ పైకి చదివించారు. కాన్పయ్యాక ఆ పిల్లల నోటికి ఒక పాలపీక అందించి, వాళ్లు చీకే తీరును బట్టి పాత కథో కొత్త కథో వినిపించేలా అమర్చారు. పిల్లలు కడుపులో విన్న కథే వచ్చేలా చీకారు, అదీ వేరే ఆవిడ గొంతుతో చదివినా సరే! పుట్టి మూడు రోజులైనా కాని పిల్లలు ఆ కథ నడకని, ఎత్తుపల్లాలని పట్టేశారన్నమాట.

అప్పుడే పుట్టిన బిడ్డకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. ఒళ్లో పడుకుంటే మీ ముఖం ఉండేది ఇంచుమించు అంత దూరంలోనే. అందుకే మొదటి రెండు మూడు నెలలు ప్రత్యేకంగా పిల్లల పుస్తకమే అక్కర్లేదంటాను నేను. మీరు చదువుకుంటున్న నవలో పత్రికో పైకి చదవండి, చాలు. బొమ్మలు చూపించాలనుకుంటే నలుపూ తెలుపులో పెద్ద పెద్ద బొమ్మలున్నవి బాగుంటాయి, లేత రంగులు వాళ్ల కంటికి అంతగా ఆనవు.

నాలుగైదు నెలలు దాటాక అసలు సందడి మొదలవుతుంది. పుస్తకం కనబడితే చాలు నోట్లోకే. చాలామంది పెద్దవాళ్లు ఇక్కడే టెన్షన్ పడి, పాడుచేస్తోందని పుస్తకం తీసుకెళ్లి బీరువా మీద పెట్టేస్తారు, ఇక అది కిందికి దిగేసరికి బిడ్డకి మూడేళ్లొస్తాయి. నోట్లో పెట్టుకోవడం ఆ వయసులో వస్తువుని తెలుసుకునే పద్ధతి, కొరకనివ్వండి. మందపాటి అట్ట పుస్తకాలు, గుడ్డ పుస్తకాలు ఉన్నవే అందుకు. మూలలు గుండ్రంగా ఉన్నాయో లేదో, ఊడొచ్చి గొంతులో పడే చిన్న ముక్కలేమైనా అంటించి ఉన్నాయో చూసుకుని కొంటే సరిపోతుంది.

తొమ్మిది నెలల పిల్లల్ని గమనించారా? పేజీలో ఉన్న సీసానో బంతినో వేళ్లతో గీకుతారు, పట్టుకుని పైకి లాగాలని చూస్తారు. అది బొమ్మ, వస్తువు కాదు అని ఇంకా తేలలేదు. ఏడాదిన్నర వచ్చేసరికి ఆ గీకుడు మానేసి, వేలు పెట్టి చూపించి మీ ముఖంలోకి చూస్తారు. ఆ చూపు వచ్చినప్పుడు కథ ఆపేయండి. కుక్క బొమ్మ చూపిస్తే అవును, కుక్క, పడుకుంది చూడు, దాని తోక ఎంత పొడుగో అంటూ కుక్క గురించే మాట్లాడండి, పేజీ తిప్పకపోయినా కొంప మునగదు. పుస్తకం పూర్తి చెయ్యాలన్న పట్టుదల మనదే తప్ప బిడ్డది కాదు. అలాగే ఇదేంటి, ఇది ఏ రంగు, చెప్పు చెప్పు అని ఆ పసివాళ్లకి పరీక్ష పెట్టడం నాకు అస్సలు నచ్చదు. అడిగి, వాళ్లు నోరు తెరిచే వ్యవధి ఇచ్చి, రాకపోతే మీరే చెప్పేయండి.

మరి ఫోన్‌లో కథల వీడియోలు బోలెడున్నాయి కదా అంటారేమో. పాట్రిషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం 2003లో ఈ సంగతే తేల్చింది. చైనీస్ మాట్లాడేవాళ్లు తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల ముందు కూర్చుని, బొమ్మలతో ఆడిస్తూ పుస్తకాలు చదివి వినిపిస్తే ఆ పిల్లలు చైనీస్ ధ్వనుల్లోని తేడాలు పట్టుకోగలిగారు. అదే మనుషులు, అదే మాటలు టీవీలో చూపిస్తే ఏమీ పట్టలేదు. ఏడాదిలోపు పిల్లలకి తెర వద్దని, కూర్చోబెట్టినంతసేపూ చదివి వినిపించడం, కథలు చెప్పడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా.

ఇంకో బాధ, అదే పుస్తకం మళ్లీ మళ్లీ. మనకి విసుగే, కాదనను! కానీ తర్వాత ఏ మాట వస్తుందో ముందే తెలియడంలో వాళ్లకో మజా ఉంది, మీరు గుట్టుగా ఒక పేజీ దాటేస్తే ఇట్టే పట్టేస్తారు. మూడేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగంలోనూ, రకరకాల కథలు విన్నవాళ్ల కంటే ఒకే కథ పదే పదే విన్నవాళ్లకే కొత్త మాటలు బాగా వంటబట్టాయి.

చదవడం రానివాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల చేతికీ పుస్తకం ఇవ్వండి. బొమ్మ చూసి నోటికొచ్చిన కథ చెప్పొచ్చు, అచ్చులో ఉన్నదే చెప్పాలని రూలేం లేదు. భాష కూడా మీకు చనువైనదే వాడండి, తడబడుతూ చదివే పరాయి భాష కన్నా అది నయం.

ఎంతసేపు అంటారా, అయిదు నిమిషాలైనా చాలు, నిద్రకి ముందో, స్నానం అయ్యాకో. బిడ్డ తల తిప్పేసుకున్నా, పాకుతూ వెళ్లిపోయినా మూసేసి మళ్లీ చూడండి. నాలుగు పుస్తకాలు నేల మీదే, వాళ్ల చేతికి అందేచోట వదిలేయండి. చిరిగితే టేపు అంటించుకుంటే పోతుంది.