కాకి వాలిందని తాటిపండు రాలిందా? పాత ఆటోమేటిక్ కారులో కొత్త ఆయిల్ కథ

నమస్కారం. ముందు ఈ గిన్నె చూడండి. కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. 2,10,000 కిలోమీటర్లు తిరిగిన ఒక ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ నుంచి నిన్న సాయంత్రం దించిన ఆయిల్ ఇది. పోసిన రోజున మంకెన పువ్వులా ఎర్రగా ఉండి ఉంటుంది. ఇప్పుడు చూడండి, వేలు ముంచితే వేలు కనిపించడం లేదు. వాసన మీకు చూపించలేను, కానీ కాలిన వాసన ఈ గది అంతా పట్టేసింది.

ఇంత ముసలి బండికి కూడా గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాల్సిందేనని గత వీడియోలో చెప్పాను. చెప్పడమే పాపమైంది! "మీ మాట విని జనం బండ్లు పాడు చేసుకుంటారు" అని ఒకరు. "మా బాబాయి కారుకు ఆయిల్ మార్చారు, పది రోజుల్లో గేర్‌బాక్స్ పోయింది, దీనికేమంటారు?" అని మరొకరు. పదిమందిలో ఏడుగురిది ఇదే మాట: ఇన్నేళ్లూ మార్చలేదు కదా, ఇక ముట్టుకోవద్దు.

నా జవాబు వినండి. ఆయిల్ మార్చినందువల్ల గేర్‌బాక్స్ పోవడం లేదు. పోబోతున్న గేర్‌బాక్స్‌కే జనం ఆయిల్ మారుస్తున్నారు!

కాకి వాలింది, తాటిపండు పడింది. పండు ఎప్పుడో పండిపోయింది, తొడిమ ఎండిపోయింది. నింద మాత్రం కాకి మీద. ఆ బాబాయి గారు సర్వీసింగ్‌కు ఎందుకు వెళ్లారో ఒక్కసారి అడగండి. బండి హాయిగా నడుస్తుంటే వెళ్లారా? కాదు. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిన్ రొద పెరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. రివర్స్‌లో వేస్తే రెండు క్షణాలు ఆలోచించి మరీ కదులుతోంది. అప్పుడు వెళ్లారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. ఇప్పుడు నేరం ఆకులదా?

ఇక వాళ్లు చెప్పే రెండో వాదన. ఇది వింటే నాకు నిజంగానే కోపం వస్తుంది. "పాత ఆయిల్‌లో తేలే క్లచ్ పొడే ప్లేట్లకు పట్టు ఇస్తుంది, శుభ్రమైన ఆయిల్ పోస్తే జారిపోతాయి" అంటారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఒకదాన్నొకటి పట్టుకుని గేరు కలిపే పలకలే ఈ క్లచ్ ప్లేట్లు, అవి అరిగి రాలేదే ఈ పొడి. అయ్యా, ఆ పొడి ప్లేట్ల దగ్గర కూర్చుని కాపలా కాయదు. ఆయిల్ వెళ్లిన ప్రతి చోటికీ వెళుతుంది. లోపల వాల్వ్ బాడీ అని ఒకటుంది. సన్నని దారులు, వాటిలో అటూ ఇటూ జరిగే చిన్న చిన్న వాల్వ్‌లు. ఏ క్లచ్‌కు ఎంత ఒత్తిడి వెళ్లాలో అక్కడే తేలుతుంది. ఆ సందుల్లో పొడి చేరితే వాల్వ్ ఇరుక్కుంటుంది, దాని దారి అరిగిపోతుంది. ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే క్లచ్ జారుతుంది, జారితే కాలుతుంది, కాలితే ఇంకా పొడి రాలుతుంది. మీరు కాపాడుకుంటున్న ఆ పొడి చేసే పని ఇదీ! కేవలం ఆ పొడి వల్లే నడుస్తున్న గేర్‌బాక్స్ నిజంగా ఉంటే, దాని పని ఆయిల్ మార్చకముందే అయిపోయినట్టు.

ఈ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. "జీవితకాలపు ఆయిల్" అన్న ఒక్క మాట దగ్గర పుట్టింది. మార్చనక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు పుస్తకంలో రాశాయి. ఎవరి జీవితకాలం? బండిదా, వారంటీదా? జెడ్‌ఎఫ్ అని జర్మనీ కంపెనీ ఉంది. ఎన్నో ఖరీదైన కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు చేసి ఇచ్చేది వాళ్లే. వాళ్లేమంటున్నారు? బండి వాడే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదంటే 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటున్నారు. పెట్టె చేసినవాడు మార్చమంటాడు, ఆ పెట్టెను బండిలో బిగించి అమ్మినవాడు అక్కర్లేదంటాడు! నిర్వహణ ఖర్చు తక్కువని చూపించుకోవడానికే ఇదంతా అని నా గట్టి నమ్మకం. ఆ మాట నమ్మి యజమాని 2 లక్షల కిలోమీటర్లు మూత తీయడు. తర్వాత మెకానిక్ దగ్గరకు వెళితే, అది తన చేతిలో పోతుందేమోనని ఆయనకు భయం. "వద్దు సార్, అలాగే ఉంచండి" అంటాడు. ఆయనను నేను తప్పుపట్టను. కానీ ఆ "వద్దు" అనే మాటే ఊరంతా తిరిగి శాస్త్రమైపోయింది.

ఆయిలే కదా, అరిగేదేముంది అని కొందరంటారు. ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1970ల తొలినాళ్ల వరకు అమెరికాలో ఈ ఆయిల్‌లో తిమింగలం నూనె కలిపేవారు. స్పెర్మ్ వేల్ అనే జాతి తిమింగలం. దాని నూనె క్లచ్ ప్లేట్లను కుదుపు లేకుండా పట్టుకునేలా చేసేది. నిషేధం వచ్చాక దాని స్థానంలో వేరే రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక నూనెలోని ఒక గుణం కోసం సముద్రంలో ప్రాణిని వేటాడారంటే, ఈ ద్రవం చేసే పని ఎంత సున్నితమైనదో చూడండి. ఇది ఒత్తిడిని మోస్తుంది, వేడిని లాగుతుంది, ప్లేట్లు ఎంత జారాలో ఎంత పట్టాలో నిర్ణయిస్తుంది. వేడికి ఆ గుణాలన్నీ సన్నగిల్లుతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయిల్ చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుందని ఈ రంగంలో పాత లెక్క.

మరి మార్చడం ఎలా? యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగించకండి. పాత బండికి అది నాకు ఇష్టం లేదు, ఎక్కడో కుదురుకున్న మురికిని లేపుతుంది. కింద బోల్టు తీసి, దానంతట అది కారినంత కారనివ్వండి. అంతకంటే ముందు ఆయిల్ పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. అది తుప్పు పట్టి బిగుసుకుపోతే, ఖాళీ చేసిన బండి కదలకుండా కూర్చుంటుంది!

మొత్తం 10 లీటర్లు పడితే ఒకసారికి 4 లీటర్లే దిగాయనుకోండి. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగంలో, గొట్టాల్లో ఉండిపోతుంది. మొదటిసారి 40 శాతం కొత్తది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ మారిస్తే 64. మూడోసారికి 78. నెమ్మదిగా, బండికి ఏ కుదుపూ లేకుండా. పాన్, అంటే గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, దించే వీలుంటే ఫిల్టర్ కూడా మార్చండి, లోహపు పొడిని పట్టి ఉంచే అయస్కాంతాలు తుడవండి. ఇవిగో, నిన్నటి అయస్కాంతాలు. కాటుకలా మెత్తగా ఉన్న ఈ బూడిదరంగు గుజ్జు మామూలే, భయపడకండి. గోరుకు గుచ్చుకునే లోహపు తునకలు దొరికితే మాత్రం అది వేరే కథ. ఆయిల్ మీ గేర్‌బాక్స్‌కు చెప్పిన రకమే పోయాలి. సీవీటీ, డ్యూయల్ క్లచ్ అని వేరే రకాల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లున్నాయి; సీవీటీకి వేరు, డ్యూయల్ క్లచ్‌కు వేరు. మట్టం కూడా పుస్తకంలో చెప్పిన ఉష్ణోగ్రత దగ్గరే చూడాలి.

ఇప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌కు ఆయిల్ మారిస్తే బాగవుతుందని నేను ఎప్పుడూ చెప్పలేదు, చెప్పను. అలాంటి బండికి ముందు పరీక్ష చేయించండి. అరిగిన ప్లేటును ఏ ఆయిలూ తిరిగి మొలిపించదు. నేను చెప్పేది ఇంకా చక్కగా గేర్లు మారుతున్న పాత బండి గురించి. దాన్ని అలా వదిలేయకండి!

ఆయిల్ మార్చాకే మా బండి పోయింది అనేవాళ్లు నాకు రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. అంతకుముందు ఆయిల్ ఎప్పుడు మార్చారు? ఆ రోజు బండిని ఏ ఇబ్బంది ఉందని తీసుకెళ్లారు? రెండూ రాయండి, ఒక్కటి రాసి ఊరుకోవద్దు. ఈ కారు ఈ వారమంతా నా దగ్గరే తిరుగుతుంది. వచ్చే వీడియోలో రెండోసారి దించిన ఆయిల్‌ను ఇదే బల్ల మీద, ఈ గిన్నె పక్కనే పెడతాను.